6, 7, 8 తరగతుల్లో పెట్టే స్పెషల్ ప్రోగ్రాములతో పేద పిల్లల చదువు నిజంగా పెరుగుతదా?

గవర్నమెంట్ బడుల్లో ఏటా ఏదో ఒక ప్రోగ్రాం పెడతరు కదా, దాంతో పిల్లలకి ఏమన్నా ఒరుగుతదా అని అడిగిర్రు. నేను గద్వాల వైపు హైస్కూల్ల లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని, నేను చూసింది చెప్త.

పెరుగుతది, కానీ సిలబస్ కొన్నాళ్ళు పక్కకి పెట్టనిస్తేనే. 7వ తరగతి పుస్తకమేమో సామాన్య సమీకరణాలు అంటది, మేం బేస్‌లైన్ టెస్ట్ (ముందుగాల ఎవరికి ఎంతొచ్చో చూసే పరీక్ష) పెడితే సగం మందికి మూడంకెల భాగహారమే రాలే. తమాషా ఏందంటే సీడ్ పత్తి చేన్ల క్రాసింగ్ పనికి (విత్తనం కోసం పూలకి చేతితోటి పుప్పొడి అంటిచ్చే పని) పోయినప్పుడు ఎన్ని రోజులకి ఎంత కూలి రావాల్నో వాళ్ళే నోటితో టకటక చెప్తరు, కాగితం ముందర పెడితే ఆగిపోతరు. ఆ సీజన్ల బెంచీలు ఖాళీ, తిరిగొచ్చేసరికి పుస్తకం రెండు చాప్టర్లు ముందుకి పోయుంటది, ఇగ అందుకునేదెట్ల?

ప్రోగ్రాం పెట్టిన మొదటి సంవత్సరం బడి అయినంక ఎక్స్‌ట్రా క్లాస్ అన్నరు. సాయంత్రం ఉండేది ఒక్కటే బస్సు, అది పోతే నడకే, అందుకని అసలు అవసరమున్నోళ్ళే ఉండకపోయేది (రిజిస్టర్ల మాత్రం అందరికీ టిక్కులు పెట్టినం, అబద్ధమెందుకు). మరుసటేడు హెచ్ఎం సారు ఫస్ట్ పీరియడ్ దీనికే ఇచ్చిండు, మూడు తరగతులు కలిపేసి ఎవరికి ఎంతవరకు లెక్కలొస్తయో చూసి గుంపులు చేసినం. 8వ తరగతి మగపిల్లలు చిన్నోళ్ళతోటి కూచోమని మొండికేసిర్రు, వాళ్ళ చేతికి ఎర్రపెన్ను ఇచ్చి చిన్నోళ్ళ తీసివేతలు దిద్దమన్న, దిద్దుకుంట దిద్దుకుంట వాళ్ళకే అప్పు తెచ్చుకునుడు వచ్చింది. సంక్రాంతి సెలవులనాటికి భాగహారం చానామందికి పట్టుబడ్డది.

ఇది మా ఒక్క బడి ముచ్చట కాదు. ఢిల్లీల 6 నుంచి 9 తరగతుల పేద పిల్లల మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్ళు చేసిన స్టడీ 2019ల అచ్చయింది, అందుల 6వ తరగతి పిల్లలు లెక్కల్ల సగటున రెండున్నర తరగతులు వెనకున్నరు. ఎవరి లెవెల్‌కి తగ్గట్టు వాళ్ళకి ప్రశ్నలిచ్చే మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్, చిన్న గుంపుల్ల టీచింగ్, రోజుకి 90 నిమిషాలు, నాలుగున్నర నెలలల్లనే మంచి తేడా వచ్చింది. మామూలు బడితోనే సరిపెట్టుకున్నోళ్ళల్ల బాగా వెనకబడ్డ మూడోవంతు మందికి ఆ నెలలల్ల పెరుగుదలే కనపడలే, నాకు అది చదివితే గుండె కలుక్కుమన్నది.

అయితే మా దగ్గర ఎస్ఏ (సమ్మేటివ్ పరీక్షలు) మార్కులు పెద్దగ మారలే. పేపరు 7వ తరగతిదే ఇస్తరు, 3వ తరగతి లెక్కల నుంచి 5వ తరగతి లెక్కలకి ఎక్కిన పిల్ల అండ్ల ఏడ కనపడ్తది? తనిఖీకొచ్చినాయన మార్కుల లిస్టు చూసి ఏం మారింది సారూ అన్నడు. ఒక పిల్ల జూన్ నోట్‌బుక్కు, ఫిబ్రవరి నోట్‌బుక్కు పక్కపక్కన పెట్టి చూపిచ్చిన.