ఆరు నెలల ప్రొబేషన్, మూడు అద్దె చెక్కులు, ఖాతాలో నెల ఖర్చు కూడా లేదు

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): నాకు 34 ఏళ్లు. విజయవాడలో ఒక జూనియర్ కళాశాలలో 45 వేల జీతానికి గణితం బోధించేవాడిని. ఆగస్టు 25న దుబాయ్ వచ్చి ఒక ప్రైవేటు పాఠశాలలో చేరాను. జీతం 8,000 దిర్హమ్‌లు, ప్రొబేషన్ ఆరు నెలలు. ఏజెంటుకు 2.2 లక్షలు ఇచ్చాను. సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కు, టికెట్‌కు మరో 80 వేలు అయ్యాయి. ఆ మూడు లక్షలూ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవే. అక్టోబరులో నా భార్యను, నాలుగేళ్ల పాపను తీసుకొచ్చాను. నగలపై 4 లక్షలు తీసుకుని షార్జాలో ఏడాదికి 42,000 దిర్హమ్‌ల అద్దెకు ఇల్లు తీసుకున్నాను. ఇచ్చిన నాలుగు చెక్కుల్లో ఒకటి చెల్లింది. సామానుకు క్రెడిట్ కార్డుపై 6,500 దిర్హమ్‌లు వాడాను. మొన్న పిలిచి, విద్యార్థులు తగ్గారని, డిసెంబరు 31 ఆఖరి రోజని చెప్పారు. రాజీనామా రాసిస్తే మర్యాదగా ఉంటుందని కూడా అన్నారు. చేతిలో 11,000 దిర్హమ్‌లు, విజయవాడ ఖాతాలో 35 వేల రూపాయలు ఉన్నాయి. ఏప్రిల్‌లో ఇక్కడి భారతీయ సిలబస్ పాఠశాలలు తెరుస్తారు. అప్పటిదాకా ఇక్కడే ఉండి ప్రయత్నించడానికి మిత్రుడు తన పేరున 5 లక్షల వ్యక్తిగత రుణం తీసి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? ఇక్కడ కట్టిన ఉద్యోగ నష్ట బీమా ఏమైనా వస్తుందా?

జవాబు: తీసుకోవద్దు. బీమా రాదు. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఇంతే. అయినా ఇంత స్థలం తీసుకుని రాయడానికి కారణం ఉంది. జనవరి నుంచి మార్చి దాకా గల్ఫ్ పాఠశాలలు కొత్తవారిని తీసుకునే కాలం. మీరు ఆగస్టులో చేసిన పనిని ఏప్రిల్‌లో చేయడానికి ఈపాటికే కొందరు సర్టిఫికెట్లు సర్దుకుంటూ ఉంటారు.

మీ ఉత్తరంలో ‘ఉద్యోగం వచ్చింది’ అనే ధీమా అడుగడుగునా కనిపించింది. ఖరారైందన్న కాగితం మాత్రం ఎక్కడా లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుగా, ప్రొబేషన్ పూర్తికాక ముందే ఏడాది అద్దెకు చెక్కులు రాసిచ్చారు. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ ఆరు నెలల్లో ఎప్పుడైనా 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పి యజమాని పంపించేయవచ్చు. అంటే చట్టం మీకు హామీ ఇచ్చింది పద్నాలుగు రోజులకే. మీరు మాత్రం పన్నెండు నెలల ఖర్చుకు సంతకం చేశారు. పాఠశాల చేసింది బాధాకరమే, కానీ చట్టవిరుద్ధం కాదు. అందుకని వారితో పోరాటంలో నెలలు పోగొట్టుకోకండి.

ఉద్యోగ నష్ట బీమా గురించి మీలాగే చాలామంది పొరబడుతున్నారు. 2023 జనవరి నుంచి అమలైన ఈ పథకంలో మూల వేతనం 16,000 దిర్హమ్‌ల లోపు ఉన్నవారు నెలకు 5 దిర్హమ్‌లు కడతారు. ఉద్యోగం పోతే మూల వేతనంలో 60 శాతం, గరిష్ఠంగా మూడు నెలలు వస్తుంది. అయితే వరుసగా 12 నెలలు కట్టి ఉండాలి. మీరు కట్టింది నాలుగు నెలలు. ఏడాది సర్వీసు నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ కూడా లేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడిని ఏ పథకమూ ఆదుకోదు. ఆదుకునేది సొంత అత్యవసర నిధి ఒక్కటే, మీ దగ్గర లేనిది అదే. నా పాఠకులు దీన్ని నా చాదస్తం అనుకుంటారని తెలుసు. అనుకోనివ్వండి.

ఆ నిధి మీకు అందని ద్రాక్ష ఏమీ కాదు. లెక్క చూడండి. దిర్హమ్‌కు 23 రూపాయలు అనుకుందాం. మీరు ఒంటరిగా, గదిలో ఒక మంచం మాత్రమే అద్దెకు ఇచ్చే బెడ్‌స్పేస్‌లో ఉండి ఉంటే అద్దె, తిండి, ఫోను అన్నీ కలిపి 3,000 దిర్హమ్‌లలో గడిచేది. నెలకు 5,000 మిగిలేవి. నాలుగు నెలలకు 20,000 దిర్హమ్‌లు, మన డబ్బులో 4.6 లక్షలు. ఇప్పుడు మీ ఇంటికి కావలసింది ఎంత? విజయవాడలో ఇల్లు గడవడానికి 30 వేలు, రెండు రూపాయల వడ్డీకి నెలకు 6 వేలు, నగల రుణంపై వడ్డీ మూడు వేల పైచిలుకు. దాదాపు 40 వేలు. ఆరు నెలలకు 2.4 లక్షలు. తిరుగు టికెట్లు, దుబాయ్‌లో మీ ఒక్కరి రెండు నెలల ఖర్చు కలిపినా 4.4 లక్షల దగ్గర ఆగుతుంది. అంటే పాప పుట్టినరోజుకు అందరూ కలిసి ఉండాలన్న ముచ్చటను మార్చి దాకా ఆపుకొని ఉంటే, ఈ ఉత్తరం మీరు రాసేవారే కాదు. ముచ్చటను తప్పుపట్టడం లేదు. నాలుగేళ్ల పిల్లను వదిలి ఉండటం ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు.

ఇప్పుడు ఆ 5 లక్షల సంగతి. ముగ్గురు అక్కడ ఉంటే నెలకు 6,500 దిర్హమ్‌లు ఖర్చని మీరే రాశారు. అంటే లక్షన్నర. జనవరి నుంచి ఏప్రిల్ జీతం చేతికొచ్చే దాకా నాలుగు నెలలకు 6 లక్షలు. తెచ్చే అప్పు ఆ జీతం రాకముందే అయిపోతుంది. సరే, ఏప్రిల్‌లో ఉద్యోగం వచ్చిందనే అనుకుందాం. కొత్త యజమాని, కొత్త ఒప్పందం, మళ్లీ ఆరు నెలల దాకా ప్రొబేషన్! దేని వల్ల మునిగారో అదే నీటిలోకి ఈసారి మెడకు రాయి కట్టుకుని దిగుతారా? 5 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్లంటే నెలకు సుమారు 17,100 కిస్తీ. ఆ రుణం మీ మిత్రుడి పేరున ఉంటుంది. మీరు ఒక్క కిస్తీ తప్పితే ఆయన క్రెడిట్ స్కోరు పడిపోతుంది, దాంతోపాటు స్నేహమూ పోతుంది. మంచి మనసుతో ముందుకొచ్చిన ఆ మనిషిని ఈ ఊబిలోకి లాగకండి.

నగలపై మరో లక్షన్నర ఇస్తామని బ్యాంకు అంటోందని కూడా రాశారు. బంగారం ధర పెరిగింది కాబట్టి ఇస్తారు. ఆ డబ్బుకు ఒకే ఒక్క ఉపయోగం ఉంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఆ అప్పులో సగం దానితో తీర్చేయండి. తిండికి, అద్దెకు, టికెట్లకు అందులోంచి ఒక్క రూపాయి కూడా ముట్టుకోవద్దు.

ఇక ఈ పదిహేను రోజుల పని. మొదటిది, రాజీనామా రాసివ్వకండి. మర్యాద మాట పక్కన పెట్టండి. వారే తొలగించినట్టు కాగితం ఉంటే, మీ తప్పు కారణం కానప్పుడు స్వదేశానికి తిరుగు టికెట్ ఖర్చు యజమానిదే. ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో రావలసినదంతా చెల్లించాలి. దాంతోపాటు విద్యార్థుల సంఖ్య తగ్గడం వల్లే తొలగించామని ఒక లేఖ అడిగి తీసుకోండి. రేపటి ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడేది అదే.

రెండవది క్రెడిట్ కార్డు. ఆఖరి జీతం పడటానికి ముందే కార్డు బాకీ తీర్చి, బ్యాంకు నుంచి బాకీ లేదన్న లేఖ తీసుకోండి. ఉద్యోగం పోయిందని తెలిశాక, బాకీ ఉన్నవారి ఖాతాలోని సొమ్మును బ్యాంకులు ఆపేయడం అక్కడ మామూలే. మూడవది అద్దె చెక్కులు. ఇంటి యజమాని దగ్గరకు వెళ్లి ఒప్పందంలో ముందస్తు ఖాళీ షరతు ఏముందో చూసి మాట్లాడుకోండి. ఒకటి రెండు నెలల అద్దె నష్టపరిహారంగా అడుగుతారు. ఇచ్చేయండి, కానీ మిగిలిన మూడు చెక్కులూ మీ చేతికి వచ్చాకే ఇవ్వండి. చెక్కులు అక్కడే వదిలి విమానం ఎక్కితే అవి వరుసగా బౌన్స్ అవుతాయి, కేసు పడుతుంది. ఏడాది తర్వాత మళ్లీ ఉద్యోగం వచ్చి దుబాయ్‌లో దిగితే విమానాశ్రయంలోనే ఆపవచ్చు. ‘వెళ్లిపోతే ఎవరు పట్టుకుంటారు’ అని చెప్పే రూమ్మేట్లు ప్రతి చోటా ఉంటారు. వారి మాట వినకండి.

భార్య, పాప వీసాలు ముందు రద్దు చేయించి, ఆ తర్వాతే మీది రద్దు చేయించుకోవాలి. రద్దు కాగితంపై దేశం విడిచి వెళ్లవలసిన గడువు ఉంటుంది. అది దాటితే మనిషికి రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా.

ఇవన్నీ అయ్యాక మిగిలేది ఇది: చేతిలోని 11,000, డిసెంబరు జీతం 8,000 కలిపి 19,000 దిర్హమ్‌లు. కార్డుకు 6,500, ఇంటికి మహా అయితే 7,000, భార్యాబిడ్డల టికెట్లకు 1,500 పోగా 4,000. అంటే 92 వేల రూపాయలు. విజయవాడలోని 35 వేలు కలిపితే 1.27 లక్షలు. మీ అత్యవసర నిధికి ఇదే విత్తనం. జనవరి నెలంతా కుటుంబంతో అక్కడే ఉంటే ఆ విత్తనం కూడా వండుకు తిన్నట్టే. కాబట్టి జనవరి మొదటి వారంలోనే ముగ్గురూ వచ్చేయండి. ఉద్యోగ ప్రయత్నం ఆపమనడం లేదు. తొలి దశ ఇంటర్వ్యూలు చాలావరకు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి, విజయవాడ నుంచే చేయవచ్చు. ఈలోగా మీరు గణితం మాస్టారు, సమయం కూడా మీ వైపే ఉంది. ఇంటర్ పరీక్షల ముందు పునశ్చరణ తరగతులు, ఆ తర్వాత ఈఏపీసెట్ స్వల్పకాలిక శిక్షణ. ఏడాది మధ్యలోనైనా గణితం చెప్పేవారి అవసరం పడే నెలలు ఇవే. పాత కళాశాలకు ఫోను చేయడానికి సిగ్గుపడకండి.

ఆ 1.27 లక్షల్లోంచి వెంటనే పోవలసిన ఖర్చు ఒకటుంది. దీని గురించి మీకు విడిగా ముందే రాశాను, ఎందుకంటే ఇది అచ్చయ్యే దాకా ఆగే విషయం కాదు. ‘పాఠశాల బీమా ఉంది కదా’ అని నవంబరు 28న గడువు తీరిన కుటుంబ ఆరోగ్య పాలసీని వదిలేశానని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు. అందులో 62 ఏళ్ల తల్లి ఉన్నారు, ఆమెకు మధుమేహం. పాలసీ 2019 నుంచి ఉంది. వార్షిక ప్రీమియానికి 30 రోజుల అదనపు గడువు ఉంటుంది, అంటే డిసెంబరు 28. ఆలోగా 27 వేలు కడితే పాత పాలసీ కొనసాగినట్టే. మధ్యలోని రోజుల ఆసుపత్రి ఖర్చుకు రక్షణ ఉండకపోవచ్చు, అంతే. దాటితే కొత్త పాలసీ తీసుకోవాలి. మధుమేహానికి మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం పెట్టవచ్చు. 62 ఏళ్ల మనిషికి మూడేళ్లు! వీసా రద్దయితే పాఠశాల ఇచ్చిన బీమా ఎలాగూ ఆగిపోతుంది. యజమాని ఇచ్చే బీమా ఆ ఉద్యోగం ఉన్నంత వరకే. దాన్ని నమ్ముకుని సొంత పాలసీని వదులుకోవడం ఈ ఉత్తరంలో నన్ను అద్దె చెక్కులకన్నా ఎక్కువ కలవరపెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్‌టీ లేదు. బీమా కంపెనీ అడిగిన మొత్తంలో అది ఇంకా కలిసి ఉందేమో చూసుకోండి.

ఏజెంటు విషయం క్లుప్తంగా. మన నిబంధనల ప్రకారం నమోదైన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30 వేలు, దానిపై జీఎస్‌టీ. నియామక ఖర్చు ఉద్యోగి నుంచి రాబట్టడాన్ని యూఏఈ చట్టం నిషేధించింది. రసీదులు, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు ఉంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. వస్తే మంచిది, వస్తుందని లెక్కలో కలపకండి. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5 వేలు వేస్తున్న సిప్‌ను మళ్లీ జీతం మొదలయ్యే దాకా ఆపేయండి.

పన్ను గురించి మీరు అడగలేదు, కానీ చిక్కు అక్కడ ఉంది. ఆగస్టు 25 దాకా ఇక్కడ, మళ్లీ జనవరి నుంచి ఇక్కడ. ఈ ఆర్థిక సంవత్సరంలో మీరు భారత్‌లో ఉన్న రోజులు 182 దాటుతాయి. కాబట్టి 2025-26కు మీరు ఎన్‌ఆర్‌ఐ కారు. దుబాయ్ జీతాన్నీ ఇక్కడి రిటర్నులో చూపాలి. రెండు చోట్ల సంపాదన కలిపి పది లక్షల దరిదాపుల్లో ఉంది, కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను పడదు. అయినా రిటర్ను దాఖలు చేయాలి, దుబాయ్ బ్యాంకు ఖాతాను విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. విదేశాల్లో ఉండేవారికి ఇచ్చే ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచి ఉంటే తిరిగొచ్చినట్టు బ్యాంకుకు చెప్పండి.

ఏప్రిల్‌లో మళ్లీ పిలుపు వస్తే వెళ్లండి, ఒంటరిగా. ఏజెంటుకు లక్షలు ఇవ్వకుండా, వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా, ఇంట్లో ఆరు నెలల ఖర్చు మీ భార్య పేరు కూడా ఉన్న ఖాతాలో వేసి వెళ్లండి. ఆ ఆరు నెలలు పూర్తిగా జమ కాలేదనుకుంటే, ఆ పిలుపును ఆగస్టుకు వాయిదా వేయమని అడగండి. కుదరదంటే ఈఏపీసెట్ బ్యాచ్ పూర్తిచేసి తర్వాతి పిలుపు కోసం చూడండి. పాప టికెట్ మాత్రం ప్రొబేషన్ ముగిసిందన్న లేఖ చేతికొచ్చాకే కొనండి.