కొట్టేసిన వాక్యం

తమ్ముడూ,

నీ రచన రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య పోయిన ఏడాదికి కాగితం పట్టుకున్నావు. "ఇంత దుఃఖానికి మాటలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగావు. నీకు మాటలు తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది. మొదటి పేజీలోనే అగాధం, శూన్యం, విధి, అనంతం అన్నీ వచ్చేశాయి. మీ అన్నయ్య మాత్రం మూడో పేజీ దాకా రాలేదు.

నా సంగతి చెప్తాను. "అమ్మకి పట్టుదల ఎక్కువ" అని నలభై ఏళ్ళు అన్నాను. చూడు, ఆ వాక్యంలో క్రియ లేదు. తెలుగులో దాని అవసరమూ లేదు. అమ్మ పోయిన పది రోజులకి ఎవరితోనో ఫోన్లో అదే మాట మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. ఇక మీదట "ఎక్కువగా ఉండేది" అనాలి. ఎన్నడూ లేని క్రియ ఒకటి వచ్చి వాక్యం చివర కూర్చుంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అంతకుముందు రాసిన పదిహేను పేజీలూ ఆ రాత్రే చించేశాను.

ఒక వాక్యం బాగా కుదిరితే సంతోషం వేసిందనీ, వెంటనే సిగ్గేసిందనీ రాశావు. ఇది అందరికీ ఉండేదే, పైకి చెప్పరంతే. బాలకాండ రెండో సర్గ తీసి చూడు. బోయవాడి బాణానికి మగ క్రౌంచపక్షి కూలింది, ఆడపక్షి ఏడ్చింది, వాల్మీకి నోట శాపం వచ్చింది. శోకం శ్లోకమైందని చెప్పి అందరూ అక్కడే ఆపేస్తారు. నాకు ఆ తర్వాతిదే ఇష్టం. నేనేమిటి ఇలా అన్నాను అని ఆయన తనే విస్తుపోతాడు. ఆపైన శిష్యుడికి దాని కొలతలు చెప్తాడు: పాదాలు కుదిరాయి, అక్షరాలు సమంగా ఉన్నాయి, వీణ మీద పలుకుతుంది అని. పాదానికి 8 చొప్పున 32 అక్షరాలు. పక్షి చచ్చి ఎంతోసేపు కాలేదు! ఆయనే లెక్క చూసుకున్నాడు, నీకెందుకు సిగ్గు?

దేవుడి దగ్గరికొచ్చేసరికి నీ భాష ఉపన్యాసమైపోయింది. "సృష్టిని నడిపే అదృశ్య శక్తి" అన్నావు. అలా వర్ణించబోతే ఏ మాటా ఆనదు, ఉపనిషత్తు కూడా "నేతి నేతి" అని తప్పుకుంది. వర్ణించకు, మాట్లాడు. మనం ఆఫీసరుని మీరు అంటాం, దేవుణ్ణి నువ్వు అంటాం. గోల్కొండ జైల్లో రామదాసు చేసిందదే. నగలు చేయించిన లెక్కలన్నీ రాముడి ముందు పెట్టి నిలదీశాడు. పద్ధతిగా ఉందా అంటే లేదు. నమ్మబుద్ధేస్తుందా అంటే, నాకైతే వేస్తుంది.

ఎన్‌హెడువన్నా అని నాలుగు వేల ఏళ్ళ కిందటి పూజారిణి. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ఉర్ అనే పాత నగరంలో చంద్రదేవుడి గుడిలో ఉండేది. పేరు తెలిసిన కవుల్లో అందరికన్నా ముందు ఆమెనే చెప్తారు. ఆమె బొమ్మ చెక్కిన రాతి బిళ్ళ 1927లో తవ్వకాల్లో ముక్కలుగా దొరికింది. ఆమె పేరున ఉన్న పాట మనకు మిగిలింది తర్వాతి కాలపు ప్రతుల్లోనే, అది ఆమెదేనా అన్న వాదనా ఉంది. అందులో ఆమెను గుడి నుంచి గెంటేస్తారు. కొలిచిన దేవుడు పలకడు. తేనెలాంటి నోరు పాడైపోయిందని మొత్తుకుంటుంది. చివరికి ఇనాన్నా దేవతతో ఈ పాటని నీ కోసం కన్నాను అంటుంది, కాన్పు అయినట్టు. రాత్రి నేను చెప్పింది మధ్యాహ్నం గాయకుడు నీకు మళ్ళీ వినిపించాలి అంటుంది. అంత ఏడుపులోనూ రేపు ఎవరు పాడాలో చూసుకుంది.

ఇక నీ రచన. మూడో పేజీలో ఒక వాక్యం కొట్టేశావు, అయినా కనిపిస్తూనే ఉంది: "అన్నయ్య చెప్పులు నాకు సరిగ్గా సరిపోయాయి." చిన్న విషయం అనిపించి కొట్టేసుంటావు. మొదటి రెండు పేజీలూ తీసేసి దాంతో మొదలుపెట్టు. ఆ చెప్పులు వేసుకుని ఆ రోజు ఎక్కడికి వెళ్ళావో రాసి పంపు.