కమిటీ అంటే టెన్షన్ దేనికి, అల్లుడూ

యర్రగుంట్ల

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. కొప్పర్తి ఫ్యాక్టరీలో కార్మికుల కమిటీ వేసే పని నీ నెత్తిన పడిందంట. "ఈరోజు కమిటీ అంటారు, రేపు సమ్మె అంటారు" అని మీ ఓనరు గొణుగుతున్నాడంట.

ఆయనకు ముందు చట్టం చూపించు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది కార్మికులున్నా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాల్సిందే. యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపూ అందరే, మొత్తం 10కి మించకూడదు. ఆడవాళ్లు ఎంత శాతం పనిచేస్తుంటే కమిటీలో కనీసం అంత వాటా వాళ్లకివ్వాలి. మీ లైన్లో ఆడపిల్లలే ఎక్కువ కదా, ఈ ముక్క మరిచిపోవద్దు.

ఇక అసలు సంగతి. మా సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో ఒకసారి సంచులు తెగ పగిలాయి. లోడింగ్ వాళ్లు విసిరేస్తున్నారని ఆఫీసులో తీర్మానించి కూలి కోశారు. కమిటీ మీటింగ్‌లో లోడింగ్ మనిషి ఒకడు రెండు ఖాళీ సంచులు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒకటి పాత లాటుది, ఇంకొకటి కొత్తది. కొత్తదాని మూతి దగ్గర అతుకు వేలితో లాగితే ఊడొచ్చింది. ఆ లాటు వెనక్కి పంపారు, కోసిన కూలి తిరిగిచ్చారు. ఆ సంగతి లోడింగ్‌లో అందరికీ ముందే తెలుసు. అడిగినవాడే లేడు.

అలాగని కమిటీ వేస్తే లాభం పెరుగుతుందని ఓనరుకు మాటివ్వకు. జర్మనీలో 2000 మందికి పైబడిన కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లో 1976 చట్టం కింద సగం సీట్లు ఉద్యోగుల వైపువే. అక్కడి కార్ల కంపెనీలు దానివల్ల మూతపడలేదు. లాభాల విషయంలో మాత్రం పరిశోధకులది ఒకే మాట కాదు, జీతాలు పెరిగితే లాభంలో కొంత అటు పోతుంది మరి. మనిషికి నోరు విప్పే దారి ఉంటే పని మానేసి పోయేవాళ్లు తగ్గుతారన్నది మాత్రం చాలా చోట్ల తేలిన విషయం. పని నేర్పిన పిల్ల చేయి తిరిగే వేళకు మానేస్తే మీకెంత నష్టమో లెక్క కట్టి ఆయన ముందు పెట్టు.

సూపర్‌వైజర్‌కు నచ్చినవాళ్లను ఏరి కూర్చోబెట్టావంటే మాత్రం అసలు వేయకపోవడమే నయం. చీటీలతో ఓటు వేయించు. నైట్ షిఫ్ట్ నుంచి ఒకరు ఉండేట్టు చూడు. కాంట్రాక్టు వాళ్ల గోడు వినడానికీ ఒక దారి పెట్టు, యంత్రం దగ్గర సగం పని వాళ్లదే.

మొదటి మీటింగ్‌లో బస్సు, క్యాంటీన్, బాత్రూం గురించే అడుగుతారు. చిన్న విషయాలని విసుక్కోవద్దు. అవి తీరితేనే యంత్రం సంగతి బయటికొస్తుంది. కుదరని దానికి కుదరదని, ఎందుకో కూడా ఆ రోజే చెప్పు. "చూస్తాం" అనే మాట మినిట్స్‌లో రాయనీయకు. ఎవరు చేయాలి, ఏ తేదీలోగా అన్నది తెలుగులో రాయించి క్యాంటీన్ గోడకు అంటించు.

ఉగాదికి వచ్చేటప్పుడు మొదటి మీటింగ్ కాగితం పట్టుకురా, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామ