దండేనికి తేనెపిట్ట గూడు

ప్రశ్న: మా మందార చెట్టుకు రోజూ పొద్దున్నే హమ్మింగ్‌బర్డ్ వస్తున్నది. అడవిలో జనానికి కనబడకుండా తిరిగే ‘హెర్మిట్’ రకమని మా అబ్బాయి వీడియో చూసి చెప్తున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కాదమ్మా. హమ్మింగ్‌బర్డ్‌లలో 360కి పైగా రకాలున్నా అన్నీ అమెరికా ఖండాలవే. హెర్మిట్లు అక్కడి ఉష్ణమండల అడవుల్లో చెట్ల నీడన తిరుగుతాయి. వాటికి తేనెనిచ్చే హెలికోనియా (అరటిలాంటి ఆకులుండే మొక్క) పూలు దూరదూరంగా ఉంటాయి కాబట్టి, రోజూ ఒకే దారిన వాటిని చుట్టివస్తాయి.

మీ ఇంటికొచ్చేది మన తేనెపిట్ట. ముక్కు వంపు చూసి మీ వాడు పొరబడి ఉంటాడు. హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలబడి తేనె తాగితే, ఇది కొమ్మనో తొడిమనో పట్టుకొని కూర్చొనే తాగుతుంది. ఒకటి రెండు క్షణాలు గాలిలో ఆగడమూ ఉంది, మోసపోయేది అక్కడే. పొడుగు పూలకైతే ఎదురుగా పోదు, అడుగున పొడిచి తేనె లాగేస్తుంది. రాలిన మందారను తిప్పి చూడండి, రేకల మొదట్లో సన్నని చీలిక కనబడవచ్చు (గండుతుమ్మెదకూ ఈ దొంగతనం తెలుసు). మునిమాపు వేళ పూల ముందు రెక్కలాడిస్తూ నిలబడేది, తలపై మీసాలున్నది అయితే అది పిట్టే కాదు, హాక్‌మాత్ అనే రెక్కల పురుగు.

నల్లగా కనబడి ఎండపడితే ఊదాగా మెరిసే మగపిట్ట, గూళ్ల కాలం అయిపోయాక పసుపు పొట్టకు మారి గొంతు మీద ఒక నల్లచార మిగుల్చుకుంటుంది. ‘ఆ పిట్ట పోయి ఇంకోటి వచ్చింది’ అనుకోవద్దు.

ప్రశ్న: బట్టలారేసే దండేనికి తేనెపిట్ట గూడు కట్టింది, లోపల గుడ్లున్నాయి. మధ్యాహ్నం ఎండ తగులుతున్నది, పిల్లి బెడద కూడా. జరిపి పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: జరపకండి. ఆ గూడు తీగను పట్టుకున్నది సాలెపురుగు దారంతోనే, ఊడదీస్తే మళ్లీ అంటదు. గడ్డిపోచలు, బెరడు ముక్కలు, ఎండుటాకులు ఆ దారంతోనే కలిపి, లోపల దూది పరిచి కట్టేది ఆడపిట్ట ఒక్కతే. పక్కన ద్వారం, దానిపై చిన్న చూరు ఉంటాయి. చూద్దామని వేలు పెడితే ద్వారం వదులై గుడ్డు జారుతుంది.

బట్టలకు వేరే తాడు కట్టుకోండి. ఎండకు గూటిపైన రెండడుగుల ఎత్తులో పాత చీరను నీడగా కట్టండి, ద్వారం వైపు మాత్రం మూయవద్దు. ఒకేసారి దగ్గరగా కడితే పిట్ట బెదురుతుంది. మొదటిరోజు కాస్త దూరంగా కట్టి, అది వచ్చిపోతున్నదని చూశాక దగ్గరికి తేవాలి. పది నిమిషాల్లో పని ముగించుకొని తప్పుకోండి. పిల్లికైతే దండెం గుంజకు నాలుగడుగుల ఎత్తున రెండడుగుల నున్నని రేకు చుట్టి, గూటి కింద స్టూళ్లు, కుండీలు తీసేయండి.

సాధారణంగా రెండు గుడ్లు. పొదగడానికి సుమారు 15 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో 15–17. అన్నాళ్లూ మొక్కలకు పురుగుమందు కొట్టకండి. పిల్లలకు పెట్టేది తేనెకన్నా పురుగులు, సాలీళ్లే. పిల్ల కింద పడితే తీసి గూట్లో పెట్టండి. మనిషి తాకితే తల్లి వదిలేస్తుందనేది వట్టి మాట. గూడే తెగిపడితే దాన్ని అలాగే చిన్న బుట్టలో పెట్టి అదే చోట కట్టి, గంటసేపు దూరం నుంచి గమనించండి. అడవి పిట్టల గూళ్లు, గుడ్లు పాడుచేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

ప్రశ్న: తేనెపిట్టలకు చక్కెర నీళ్లు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: మేమైతే వద్దంటాం. అమెరికాలో హమ్మింగ్‌బర్డ్‌లకు ఒక పాలు చక్కెర, నాలుగు పాళ్లు నీళ్లు కలిపి పెడతారు. మన ఏప్రిల్, మే ఎండల్లో అవి పూటలోనే పులుస్తాయి, చీమలు పడతాయి. తేనె కలిపితే బూజు ఇంకా తొందరగా పడుతుంది.

మందార, దానిమ్మ, నూరువరహాలు వేసుకోండి. చోటుంటే ఒక మోదుగ. ఫిబ్రవరి, మార్చిలో ములుగు దారి పక్కన పూసిన మోదుగ కింద పొద్దున్నే పావుగంట నిలబడితే తేనెపిట్టలకు అది ఎందుకు కావాలో తెలుస్తుంది. ఇంకోమాట: ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు పెరటి షెడ్డు మూలన సాలెపురుగుల బూజు కొంచెం వదిలేయండి. గూటికి దారం దొరికేది అక్కడే.