మా ఏరియా టెన్నిస్ బాల్ క్రికెట్ లీగ్‌కి బ్రాండింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లి వైపు కాలనీల మధ్య ఎనిమిది జట్లతో టెన్నిస్ బాల్ లీగ్ పెడుతున్నారు, బ్రాండింగ్‌కి తక్కువ బడ్జెట్ ఉంది, దాంతో ఎక్కడ మొదలుపెట్టాలి, ఫైనల్‌కి ఒక సీరియల్ హీరోని పిలిస్తే లీగ్‌కి పేరొస్తుందా అని.

నేను హైదరాబాద్‌లోనే ఈవెంట్ల పని చేస్తాను. సినిమా ప్రీ రిలీజ్ ఫంక్షన్లకి స్టేజీలు వేస్తాం, కార్పొరేట్ క్రికెట్ లీగ్‌లకి గ్రౌండ్ బ్రాండింగ్ చేస్తాం. రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను: రాదు. ఆ రోజు జనం వస్తారు, హీరోతో సెల్ఫీ దిగుతారు, వెళ్లిపోతారు. ఫోటోలన్నీ ఆయన పేరుతోనే స్టేటస్‌లు ఎక్కుతాయి, మీ లీగ్ పేరు ఒక్కదాన్లోనూ ఉండదు. పిలవొద్దని కాదు. మొదటి ఏడాది డబ్బు మాత్రం అక్కడ పెట్టకండి.

ఆటకైనా సినిమాకైనా బ్రాండ్ కట్టడంలో ఒక చిక్కుంది. బిస్కెట్ కంపెనీ ప్రతి ప్యాకెట్‌లో అదే రుచి ఉంటుందని మాటివ్వగలదు. మ్యాచ్ రసవత్తరంగా సాగుతుందని మీరు మాటివ్వలేరు. వాన పడొచ్చు, ఫైనల్ పన్నెండు ఓవర్లకే తేలిపోవచ్చు. సినిమా వాళ్లకీ శుక్రవారం మార్నింగ్ షో పడేదాకా ఇదే టెన్షన్. ఫలితం మన చేతిలో లేదు కాబట్టి చేతిలో ఉన్నవాటి మీదే కట్టుకోవాలి: పేరు, రంగు, చోటు, టైము.

మన ఊరి జట్లనే చూడండి. డెక్కన్ చార్జర్స్ 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఐపీఎల్ కప్పు కొట్టింది. 2012లో ఆ ఫ్రాంచైజీ రద్దయిపోయింది. సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకు హైదరాబాద్ జట్టు హక్కులు తీసుకుని, పేరూ రంగూ మార్చి 2013లో సన్‌రైజర్స్‌ని దించింది. 2016లో కప్పు వచ్చింది. 2021లోనూ 2023లోనూ పాయింట్ల పట్టికలో అట్టడుగున నిలిచింది. కెప్టెన్లు వచ్చారు, పోయారు. ఆరెంజ్ మాత్రం కదల్లేదు. దక్షిణాఫ్రికా లీగ్‌లో జట్టు కొన్నప్పుడు కూడా అదే సన్‌రైజర్స్ పేరు, అదే రంగు తీసుకెళ్లారు.

సన్‌రైజర్స్ కెప్టెన్‌గా చేసిన ఆస్ట్రేలియా ఆటగాడు వార్నర్‌ని చూస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 2020 లాక్‌డౌన్‌లో తెలుగు పాటలకి ఇంటిల్లిపాదీ కలిసి స్టెప్పులేసి టిక్‌టాక్‌లో పెట్టారు. మనవాళ్లు ఆయన్ని ఇంటి మనిషిని చేసేసుకున్నారు. తర్వాత ఆయన ఢిల్లీ జట్టుకి వెళ్లిపోయారు. అభిమానం కూడా ఆయన వెంటే వెళ్లింది, 2025లో తెలుగు సినిమాలో అతిథి పాత్ర వేసేదాకా. స్టార్ మీద కట్టిన బ్రాండ్ స్టార్‌తోనే నడిచిపోతుంది. ఉప్పల్ స్టేడియంలో మిగిలింది ఆరెంజ్ జెర్సీయే. మీ సీరియల్ హీరో విషయంలోనూ జరిగేది ఇదే, కాకపోతే ఒక్క సాయంత్రంలో జరిగిపోతుంది.

చోటు ఎంత ముఖ్యమో మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీని చూస్తే తెలుస్తుంది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచారు. కానీ కోవిడ్ వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. సొంత గ్రౌండ్ గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. జట్టు చరిత్రలోనే గొప్ప ఏడాదిని ఊరు టీవీలో చూసింది. ఆ తర్వాతి డబ్బు ఇబ్బందులు వేరే కథ, 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. గోవాలో ఆడినందుకే ఇలా అయిందని అనను. కానీ కప్పు కొట్టిన సీజన్ గచ్చిబౌలిలో జరిగి ఉంటే, జట్టు వెళ్లిపోతున్నప్పుడు ఊళ్లో ఇంకాస్త గొడవ జరిగేదని నా అనుమానం.

ఇప్పుడు మీ లీగ్‌కి వద్దాం. పేరులో "సూపర్", "ప్రీమియర్" పెట్టకండి, ప్రతి గల్లీలో ఒకటుంది. ఆటో ఎక్కి ఏ పేరు చెప్తారో ఆ పేరే లీగ్‌కి పెట్టండి. మ్యాచ్‌లు ప్రతివారం ఒకే గ్రౌండ్‌లో, ఒకే టైముకి జరగాలి. ఆదివారం పొద్దున ఏడింటికి అంటే ఏడింటికే. నాలుగు వారాలయ్యేసరికి టిఫిన్‌కి బయల్దేరినవాళ్లు కూడా కాసేపు ఆగి చూడ్డం అలవాటవుతుంది.

రంగు ఫోన్ స్క్రీన్ మీద చూసి ఓకే చెప్పకండి. ముఖ్యంగా నీలం. స్క్రీన్ మీద మెరిసిపోయే నీలం డ్రై ఫిట్ బట్ట మీద ప్రింటయ్యేసరికి వంకాయ రంగులోకి దిగుతుంది, ఫ్లెక్సీ మీద ఇంకోలా వస్తుంది. జెర్సీలు ఒక షాపులో, ఫ్లెక్సీలు ఇంకో షాపులో చేయిస్తే మీ లీగ్‌కి మూడు నీలాలు తేలతాయి. అందుకే జానెడు బట్ట ముక్క, జానెడు ఫ్లెక్సీ ముక్క శాంపిల్ కొట్టించి, రెండూ పక్కపక్కన పెట్టి ఎండలో చూడండి. రాత్రి మ్యాచ్‌లుంటే ఫ్లడ్‌లైట్ కింద కూడా చూడండి. ఈ ఒక్క పని చేసే నిర్వాహకులు నాకు చాలా అరుదుగా తగిలారు.

ఇక ఫ్లెక్సీ. అసలు యుద్ధం అక్కడే. పది వేలిచ్చిన స్పాన్సర్ "అన్నా, నా ఫోటో పెద్దగా రావాలె" అంటాడు. కార్పొరేటర్ ఫోటో, ఆయన పైవాళ్ల ఫోటోలు, యూత్ ప్రెసిడెంట్ ఫోటో. అన్నీ పెట్టాక లీగ్ లోగో బొటనవేలంత మిగులుతుంది. కాదంటే డబ్బు రాదు. నేను చెప్పే ఉపాయం ఏంటంటే, గేటు దగ్గర విడిగా ఒక స్వాగతం ఫ్లెక్సీ వేయించండి, తలకాయలన్నీ అక్కడే. స్టేజీ బ్యాక్‌డ్రాప్ మీద మాత్రం లీగ్ లోగో, స్పాన్సర్ల లోగోలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. అదీ మధ్యలో ఒక పెద్ద లోగోగా వద్దు. కప్పు ఇచ్చేటప్పుడు పదిహేను మంది దాని ముందే నిలబడతారు, ఫోటోలో సగం అక్షరమే కనపడుతుంది. జానెడు సైజు లోగోలు గళ్లు గళ్లుగా, ఛాతీ ఎత్తు నుంచి తల మీద రెండడుగుల దాకా పరిపించండి. ఎవరు ఎక్కడ నిలబడ్డా భుజం పక్కన ఒక లోగో పడుతుంది. డివైడర్లకీ కరెంటు స్తంభాలకీ ఫ్లెక్సీలు కట్టొద్దు, మున్సిపల్ కార్పొరేషన్ జరిమానా వేస్తుంది.

యూట్యూబ్ లైవ్ ఇస్తుంటే కెమెరా మామూలుగా బౌలర్ వెనక ఉంటుంది. అంటే ప్రతి బంతికీ తెరమీద కనిపించేది కీపర్ వెనకున్న బౌండరీ. ఖరీదైన బోర్డు అక్కడ పెట్టి, ఆ చోటుని టైటిల్ స్పాన్సర్‌కి అమ్మండి. మిగతావాళ్లకి బోర్డు కాకుండా మాట అమ్మండి. ఐపీఎల్ తొలి సీజన్లలో సిక్స్ కొడితే కామెంటేటర్లు అప్పటి టైటిల్ స్పాన్సర్ పేరు కలిపి "డీఎల్ఎఫ్ మ్యాగ్జిమమ్" అనేవాళ్లు, గుర్తుందా? మీ మైకు తమ్ముడు ప్రతి సిక్స్‌కీ మీ వీధి చివరి బిర్యానీ హోటల్ పేరు అరిస్తే, ఆ ఓనర్‌కి బోర్డు కన్నా అదే నచ్చుతుంది. కాకపోతే ఒక రకం వ్యాపారం నుంచి ఒక్కళ్లనే తీసుకోండి. రెండు బిర్యానీ హోటళ్లు ఒకే లీగ్‌లో ఉంటే వచ్చే ఏడాది ఇద్దరూ రారు. స్కోరింగ్ క్రిక్‌హీరోస్ అనే యాప్‌లో పెట్టండి, ఆటగాళ్లే తమ స్కోర్‌కార్డులు షేర్ చేసుకుంటారు, పైసా ఖర్చు లేని ప్రచారం.

బెట్టింగ్ యాప్ వాళ్లు వచ్చి డబ్బు ఎక్కువిస్తామంటారు. ముట్టుకోకండి. తెలంగాణలో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం వాటి ప్రకటనలను కూడా ఆపేసింది. ఆ దెబ్బకే భారత జట్టు జెర్సీ మీద డ్రీమ్11 పోయి అపోలో టైర్స్ వచ్చింది.

పోస్టర్ మీద కోహ్లీ ఫోటో, సినిమా హీరో ఫోటో వాడే అలవాటు కూడా మానేయండి. 2021లో టోక్యోలో సింధు కాంస్యం గెలిచాక, అనుమతి లేకుండా ఆమె ఫోటోతో అభినందన పోస్టులు పెట్టిన కంపెనీల మీద చట్టపరమైన చర్యకు ఆమె మేనేజ్‌మెంట్ సంస్థ సిద్ధమైంది. కాలనీ లీగ్ దాకా అది రాకపోవచ్చు, కానీ పోస్టర్ మీద మీ సొంత ఆటగాడి ఫోటో ఉంటే వాళ్ల కుటుంబమంతా దాన్ని ఫార్వర్డ్ చేస్తుంది. లాభం ఎందులో ఉందో మీరే చూసుకోండి. గ్రౌండ్‌లో సినిమా పాటలు వేస్తే పాటల హక్కుల సంస్థలు పీపీఎల్, ఐపీఆర్ఎస్ ఇచ్చే లైసెన్సుల సంగతి ముందే కనుక్కోండి.

ట్రేడ్‌మార్క్ ఇప్పుడే వద్దు. రెండో సీజన్ ఖాయమైతే అప్పుడు పెట్టుకోండి. దరఖాస్తు వ్యాపారం రకాన్ని బట్టి క్లాసులవారీగా వేయాలి: లీగ్ నిర్వహణకి 41వ క్లాసు, జెర్సీలు అమ్మేట్టయితే 25వ క్లాసు. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకి 4,500 రూపాయలు, వస్తే పదేళ్లు ఉంటుంది.

మ్యాచ్‌లు పగలా, ఫ్లడ్‌లైట్ల కిందా అన్నది మీరు రాయలేదు. అది చెప్తే ఎనిమిది జట్లకి ఏ రంగులు కెమెరాలో విడివిడిగా తెలుస్తాయో కామెంట్లో రాస్తాను.