డాక్టర్ సలహా: పరీక్షలో 7 వచ్చింది.. అత్తయ్యకు డిప్రెషనేనా?

ప్రశ్న: మాది విజయవాడ. మావారు కొరియన్. దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఉంటున్నాం. అత్తయ్యకు 74 ఏళ్లు. నిరుడు మామయ్య పోయినప్పటి నుంచి అన్నం సగంలోనే వదిలేస్తున్నారు. పిడికిలితో గుండెల మీద కొట్టుకుంటూ నిట్టూరుస్తుంటారు. అడిగితే ‘క్వెన్‌చనా’, అంటే ‘ఏం ఫర్లేదు’ అంటారు. ఇక్కడి హెల్త్ సెంటర్‌లో 15 ప్రశ్నలు అడిగారు. 7 వచ్చింది. 8 లోపే కాబట్టి భయం లేదన్నారు. నెట్‌లో చూస్తే 5 వచ్చినా అనుమానించాలని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: అమ్మా, రెండూ నిజమే. మీరు చెప్పినదాన్ని బట్టి అది వృద్ధుల డిప్రెషన్ స్కేల్‌కి చిన్న రూపం. 1980లలో అమెరికాలో తయారైంది. అవుననో కాదనో చెబితే చాలు. చాలా దేశాల్లో 5 నుంచే జాగ్రత్త పడతారు. కొరియన్ భాషలోకి తెచ్చాక అక్కడి పెద్దవాళ్ల మీద వాడి చూసి, 8 దగ్గర గీత గీశారు.

అసలు సంగతి ప్రశ్నల్లో ఉంది. ఆ 15లో 5 సంతోషం గురించినవి. జీవితం తృప్తిగా ఉందా, హుషారుగా ఉంటున్నారా, బతికి ఉండటం బాగుందనిపిస్తోందా, ఇలాంటివి. వీటికి ‘కాదు’ అంటే ఒక్కోదానికి ఒక పాయింట్ పడుతుంది. ‘నేను చాలా సంతోషంగా ఉన్నాను’ అని పైకి చెప్పుకోవడం ఆ తరం కొరియన్లలో చాలామందికి అలవాటు లేదు. మన అమ్మమ్మలు మాత్రం చెబుతారా? ‘ఏదో, రోజులు వెళ్లిపోతున్నాయి’ అంటారు. అలా ఏ బాధా లేకున్నా మొహమాటంతోనే 5 పాయింట్లు రావచ్చు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నిద్ర, ఆకలి, ఒంటి నొప్పుల గురించి ఈ స్కేల్ కావాలనే అడగదు. వయసు పైబడితే అవి ఎలాగూ మారతాయి కదా. కానీ కొరియాలో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, దుఃఖాన్ని తరచూ ఒంటితోనే చెబుతారు. ‘తప్తపెయో’ అనే మాట మీరు వినే ఉంటారు. గుండెల్లో ఏదో అడ్డం పడి ఊపిరాడనట్టుందని అర్థం. ఏళ్ల తరబడి మింగిన కోపం, బాధ ఛాతీలో మంటగా, గొంతులో ఉండలా, ఒంట్లో సెగలా బయటపడితే ‘హ్వాబ్యోంగ్’ అంటారు. అంటే అగ్ని జబ్బు. 1994లో అమెరికన్ సైకియాట్రీ మాన్యువల్ కూడా దాన్ని ప్రస్తావించింది. అత్తయ్య పిడికిలి చెబుతున్నది ఆ 15 ప్రశ్నల కాగితంలో పట్టదు. నన్నడిగితే ఆ 7 కన్నా సగంలో వదిలేసిన అన్నమే ముఖ్యం.

అయితే ఛాతీ బరువును వెంటనే మనసు మీదికి తోసేయకండి. ఈ వయసులో ముందు ఈసీజీ తీయించాలి. ఛాతీ నొప్పితో చెమటలు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 119కి ఫోన్ చేయండి. థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు చేయించండి. వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కి చూపించండి. సంప్రదాయ వైద్యుల దగ్గర తెచ్చుకున్న మూలికా కషాయాలు ఉంటే అవి కూడా. డిప్రెషన్ మందులతో కొన్నిటికి పడదు.

ఆ తర్వాత సైకియాట్రిస్ట్‌ని కలవండి. 7 వచ్చింది కదా అని ఆగిపోవద్దు. ఏయే ప్రశ్నలకు పాయింట్లు పడ్డాయో ఆ కాగితం తీసుకెళ్లండి. ఆవిడ మాట్లాడేటప్పుడు మీరూ, మీవారూ బయట కూర్చోండి. కొడుకు ముందు ఏ తల్లీ ‘నాకు బతకాలని లేదు’ అనదు.

ఇది మరీ జాగ్రత్తగా వినండి. దక్షిణ కొరియాలో వృద్ధుల ఆత్మహత్యల రేటు సంపన్న దేశాల్లోకెల్లా ఎక్కువ. ‘నిద్రలోనే పోతే బాగుండు’ లాంటి మాట వింటే, చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన రాదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. అక్కడి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 109కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో మాత్రం ‘బాగున్నారా’ అని అడగకండి. దానికి జవాబు ‘క్వెన్‌చనా’యే. మనలాగే కొరియన్లూ పలకరింపుగా ‘అన్నం తిన్నావా’ అంటారు కదా, అక్కడ మొదలుపెట్టి పక్కనే కూర్చుని తినండి. మామయ్యకి ఏ కూర ఇష్టమో అడగండి. ఏడిస్తే ఆపకండి. ఎంత తిన్నారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎవరితోనైనా మాట్లాడారా అని రెండు వారాలు రాసి పెట్టి, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి. ఆవిడ అస్సలు తినకపోతే మాత్రం రెండు వారాలు ఆగొద్దు.