ఈస్ట్‌లో ట్రాన్స్‌క్రిప్షన్ మొదలయ్యే చోటు వెతికే అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

ఈస్ట్ జీన్లలో ట్రాన్స్‌క్రిప్షన్, అంటే డీఎన్‌ఏ చూసి ఆర్‌ఎన్‌ఏ రాసే పని, ఎక్కడ మొదలవుతుందో తేల్చే పని నీకు ఇచ్చారని తెలిసి చాలా సంతోషం వేసింది. టెన్షన్ పడకు. ఒక్కటి మాత్రం ముందే చెబుతాను: ప్రతి జీన్‌కూ ఒకే మొదలు ఉంటుందనుకుని జెల్ (ముక్కలు పొడవును బట్టి బ్యాండ్లుగా కనిపించే పలక) చూడకు.

మనుషుల్లో టాటా బాక్స్ (జీన్ ముందుండే ఒక గుర్తు సీక్వెన్స్) ఉన్న జీన్లలో దానికి సుమారు 30 బేస్‌ల దిగువన ఆర్‌ఎన్‌ఏ మొదలవుతుంది. మన బేకరీ ఈస్ట్‌లో అది 40 నుంచి 120 బేస్‌ల మధ్య ఎక్కడైనా కావచ్చు. 1993లో జియార్డినా, లిస్ అనే శాస్త్రవేత్తలు ఈస్ట్‌లోని గాల్1, గాల్10 జీన్లను పరీక్షిస్తే, డీఎన్‌ఏ పోగులు టాటాకు 20 బేస్‌ల దూరంలోనే విడిపోతున్నాయి, ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఇంకా కింద మొదలవుతోంది. అంటే ఆర్‌ఎన్‌ఏ రాసే ఎంజైమైన పాలిమరేజ్ కిందికి వెతుక్కుంటూ పోతోంది. ఆ వెతుకులాటను నడిపేది పాలిమరేజ్‌కు తోడుండే టీఎఫ్‌ఐఐహెచ్ అనే ప్రోటీన్ల గుంపులోని ఎస్‌ఎస్‌ఎల్2 అనే ప్రోటీన్.

వీధి మొదటి నుంచి అద్దె ఇల్లు చూసుకుంటూ వచ్చేవాడికి ముందే ఒకటి నచ్చితే తర్వాతివి చూడడు కదా! ఇక్కడా అంతే, పై చోటుకే మొదటి అవకాశం. అందుకే పై చోటును నువ్వు పాడుచేస్తే కింది చోటు వాడకం పెరుగుతుంది. అది చూసి కింది సీక్వెన్స్‌కు బలం వచ్చిందని రాసేయకు. తొందరపడేది చాలామంది ఇక్కడే.

మ్యూటెంట్లనూ (జీన్‌లో మార్పున్న ఈస్ట్‌లనూ) ఇదే కళ్లతో చూడు. పాలిమరేజ్‌లోని పెద్ద భాగమైన ఆర్‌పీబీ1లో ‘ఈ1103జీ’ అనే మార్పుతో పాలిమరేజ్ చురుకవుతుంది, మొదళ్లు పైకి జరుగుతాయి. ‘హెచ్1085వై’ అనే మార్పుతో మందగిస్తుంది, మొదళ్లు కిందికి జరుగుతాయి. ఎస్‌ఎస్‌ఎల్2 మార్పుల కథ వేరు: వాటితో మారేది ముఖ్యంగా ఎంత దూరం వెతకగలదన్నది. కాబట్టి ఒక్క బ్యాండ్ కాదు, మొత్తం పంపకం కొలువు.

త్వరగా తేల్చుకోవాలంటే మైకోఫినాలిక్ యాసిడ్ ప్లేట్ మీద పెంచి చూడు. ఆ మందు జీటీపీని, అంటే ఆర్‌ఎన్‌ఏలో ‘జీ’ బేస్‌కు కావలసిన ముడిసరుకును, తగ్గిస్తుంది. అప్పుడు మామూలు ఈస్ట్, జీటీపీ తయారీకి పనికొచ్చే ఐఎండీ2 జీన్‌లో పైనున్న ‘జీ’ చోట్లు వదిలి, కిందనున్న ‘ఏ’ బేస్ దగ్గర మొదలుపెట్టి బతుకుతుంది. మొదళ్లు పైకి జరిగిన మ్యూటెంట్లకు ఆ పని చేతకాదు, పెరగలేవు.

ప్రైమర్ ఎక్స్‌టెన్షన్‌కు (ఆర్‌ఎన్‌ఏ మొదలు ఎక్కడో కొలిచే పద్ధతికి) ముందు ఆర్‌ఎన్‌ఏ చెడిపోలేదని చూసుకో, తెగిన ముక్కలు కూడా మొదళ్లలాగే కనిపిస్తాయి. ప్రతి జెల్‌లోనూ మామూలు ఈస్ట్ లేన్, అదే ప్రైమర్‌తో చేసిన సీక్వెన్సింగ్ లేన్లు పక్కనే ఉండాలి. ఏడీహెచ్1 అనే జీన్‌తో మొదలుపెట్టు. ప్రోటీన్ కోడ్ మొదలయ్యే ఏటీజీకి 37, 27 బేస్‌ల ఎగువన రెండు బ్యాండ్లు శుభ్రంగా వచ్చాకే నీ జీన్ జోలికి వెళ్లు. ఆ జెల్ ఫొటో నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ మాస్టారు